ముందు ఎడమ చక్రం కాలిపోతోంది, క్యాలిపర్ మార్చినా అదే కథ – పాత ఓమ్ని

వంటపాత్రల_వ్యాను
2006 మారుతి ఓమ్ని వ్యాను. కాకినాడ. కేటరింగ్ సామాను మోయడానికి వాడతాం. మామూలు రోజుల్లో షెడ్డులోనే ఉంటుంది, ముహూర్తాలు ఉంటే మాత్రం ఊపిరాడదు. కొన్నాళ్ళుగా ముందు ఎడమ చక్రం పట్టేస్తోంది. కాస్త దూరం వెళ్ళి ఆగి చూస్తే ఎడమ రిమ్ము సెగ కొడుతోంది, కుడిది గోరువెచ్చగా ఉంటోంది. మెకానిక్ క్యాలిపర్‌కి (ప్యాడ్లని డిస్కు మీద నొక్కే భాగం) సీళ్ళ కిట్ వేశాడు, ప్యాడ్లు మార్చాడు. తగ్గలేదు. క్యాలిపరే కొత్తది వేశాం. మళ్ళీ అదే. ఇప్పుడు మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది) పోయింది అంటున్నాడు. విచిత్రం ఏంటంటే షెడ్డుకి తీసుకెళ్ళి జాకీ ఎత్తేసరికి చక్రం హాయిగా తిరుగుతుంది, "బానే ఉంది కదండీ" అంటాడు. మాస్టర్ సిలిండర్ కొనేముందు ఇంకేమైనా చూడాలా?

సుత్తి_వద్దు
రిమ్ము మీద అట్లు పోసేయండి, గ్యాసు మిగులుతుంది.

ఆటోనగర్_అన్న
ఆగండి, కొనకండి. మాస్టర్ సిలిండర్ తప్పయితే ఒక్క ఎడమ చక్రమే ఎందుకు పడుతుంది? ముందు రెండూ పట్టాలి. ఒక్కటి చెప్పండి: బండి ఎటు లాగుతోంది, ఎప్పుడు లాగుతోంది? బ్రేకు వేసినప్పుడా, వదిలాకా?

వంటపాత్రల_వ్యాను
గట్టిగా వేస్తే ముందు కుడికి ఒక గుంజు గుంజుతుంది. కాలు తీశాక ఎడమకి ఈడుస్తుంది. దీనికోసం అలైన్‌మెంట్ కూడా చేయించాం అన్నా.

ఆటోనగర్_అన్న
అయితే నా పందెం రబ్బర్ పైపు మీద. బాడీ మీది ఇనప పైపు నుంచి క్యాలిపర్‌కి దిగే పొట్టి పైపు ఉంటుంది చూడండి, అదే. బయటికి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది, లోపల పొర లేచిపోయి ఉంటుంది. పెడల్ తొక్కితే వచ్చే ప్రెజర్ గట్టిది కాబట్టి ఆయిల్ ఆ పొరని తోసుకుని వెళ్తుంది, కాకపోతే ఆలస్యంగా. ఈలోపు కుడి చక్రం పట్టేస్తుంది, బండి కుడికి గుంజుతుంది. కాలు తీశాక ఆయిల్‌ని వెనక్కి పంపే బలం ఏముంది? పిస్టన్ సీలు కొంచెం వెనక్కి లాక్కోవడం తప్ప ఏమీ లేదు. ఆ బలానికి పొర తెరుచుకోదు. బావి మోటారు ఫుట్‌వాల్వులాగా ఒకవైపే దారి. ప్యాడ్లు డిస్కుని పట్టుకునే ఉంటాయి, వేడెక్కుతుంది, బండి ఎడమకి ఈడుస్తుంది.

బండి ఆపితే ఆ ప్రెజర్ సన్నగా కారిపోతుంది. మీరు షెడ్డుకి వెళ్ళి, మీ వంతు వచ్చి, జాకీ ఎత్తేలోపు చక్రం ఫ్రీ. మీ మెకానిక్ అబద్ధం చెప్పట్లేదు. అతను చూసేసరికి నిజంగానే బాగుంటుంది.

ఘాట్‌లో_గేరు
అంత తొందరగా పైపు మీద తోసెయ్యకండి. నేను పాడేరు రూట్లో తిప్పుతాను. మా దగ్గర ఇలా పట్టేసేవాటిలో ఎక్కువ స్లైడ్ పిన్నులే, క్యాలిపర్ జారేది వాటి మీదే. పిన్ను మీది రబ్బరు బూటు చిరిగి, నీళ్ళు చేరి, తుప్పు పట్టి పిన్ను బిగుసుకుపోతుంది. క్యాలిపర్ కొత్తది వేసినా పాత పిన్నులే తిరిగి పెట్టేస్తారు చాలామంది.

వంటపాత్రల_వ్యాను
పిన్నులు తీసి, కడిగి, గ్రీజు పెట్టాడు. నేను పక్కనే ఉన్నా. చేత్తో లాగితే జారుతున్నాయి.

ఘాట్‌లో_గేరు
ఏ గ్రీజు? బేరింగ్ గ్రీజు పెడితే బూట్లు ఉబ్బి మళ్ళీ పట్టేస్తాయి. సిలికాన్ గ్రీజు పెట్టాలి.

డ్రమ్ము_బ్రేకు
బేరింగ్ టైటుగా బిగించినా చక్రం వేడెక్కుతుంది. అది చూశారా?

ఆటోనగర్_అన్న
@డ్రమ్ము_బ్రేకు గారూ, బేరింగ్ అయితే బ్రేకు వెయ్యకపోయినా వేడెక్కాలి. బ్రేకు వేసిన క్షణంలో కుడికి గుంజడం బేరింగ్ చెయ్యదు. @ఘాట్‌లో_గేరు, పిన్ను సంగతి మీరన్నది నిజమే, నేనూ రోజూ చూస్తాను. కానీ తుప్పు పట్టిన పిన్ను జాకీ ఎత్తేలోపు తనంతట తాను వదిలెయ్యదుగా.

మనం ఇక్కడ వాదించుకోవడం ఎందుకు, తేల్చుకోవచ్చు. బండి తిప్పి, నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకులు వేసి, చక్రం పట్టేసి ఉండగానే ఇంటి దగ్గర ఆపండి. ఆలస్యం చేస్తే వదిలేస్తుంది. హ్యాండ్ బ్రేకు వెయ్యండి, వెనక చక్రాలకి అడ్డు పెట్టండి, ముందు ఎత్తి స్టాండు పెట్టండి. ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకుని బండి కింద చెయ్యి పెట్టొద్దు. చక్రం తిప్పి చూడండి, తిరగదు. ఇప్పుడు ఇనప పైపూ రబ్బర్ పైపూ కలిసేచోట నట్టు కాస్త వదులు చెయ్యండి, కింద గుడ్డ పట్టుకోండి. చక్రం వదిలేసిందా, పైపు మంచిదే, తప్పు పైన మాస్టర్ సిలిండర్ వైపు ఉంది. వదల్లేదా, ఆ నట్టు బిగించి క్యాలిపర్ మీద ఎయిర్ తీసే నిపిల్ వదులు చెయ్యండి. ఆయిల్ చిమ్మి చక్రం ఫ్రీ అయితే ప్రెజర్ పైపుకి కిందే ఇరుక్కుని ఉంది, అంటే పైపే. నిపిల్ తీసినా తిరగలేదంటే ఆయిల్‌కి సంబంధం లేదు, అప్పుడు ఘాట్‌లో_గేరు చెప్పిన పిన్నులు, క్యాలిపర్ పిస్టన్ చూసుకోవాలి.

వరస తప్పొద్దు. నేరుగా నిపిల్ తీసేస్తే చక్రం ఫ్రీ అవుతుంది గానీ పైపా, మాస్టరా అన్నది తెలీదు. అక్కడే చాలామంది మాస్టర్ సిలిండర్ కొనేస్తారు.

రాణీగంజ్_రంగా
అన్న చెప్పిందానికి ఒక ముక్క కలుపుతా. ఆ నట్టుకి మామూలు డబుల్ ఎండ్ పానా వెయ్యొద్దు. పాత నట్టు, మెత్తటి లోహం, మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. తర్వాత వైస్ గ్రిప్ పెట్టి పీకుతారు, ఇనప పైపు మెలిపడుతుంది, ఆ పైపూ మార్చాలి. బ్రేక్ పైపులకి నోరు తెరిచిన రింగు పానా వేరే వస్తుంది, 10 నంబరు కొనుక్కోండి. ముందురోజు రాత్రి తుప్పు వదిలించే స్ప్రే నట్టు మీద కొట్టి వదిలేయండి. రబ్బరు మీద పడకుండా.

సుత్తి_వద్దు
రంగా, పానా కూడా నీ షాపులోనే దొరుకుతుందా?

రాణీగంజ్_రంగా
దొరుకుతుంది. అయితే ఏంటి?

కొత్తగా_కొన్నా
నేనూ ఈమధ్య సెకండ్ హ్యాండ్ ఓమ్ని కొన్నా. పైపు బయటి నుంచి చూసి పోయిందా లేదా చెప్పలేమా? ప్రతిసారీ నట్లు విప్పాలా?

స్కూల్‌వ్యాన్_శారద
చెప్పగలిగినంత చెప్పొచ్చు తమ్ముడూ. నా బండి ఎనిమిదేళ్ళు దాటింది, ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అక్కడ బ్రేకు పట్టిందా లేదా అన్నదే చూస్తారు, పైపులు నేనే చూసుకుంటాను. స్కూళ్ళు తెరిచేముందు ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి. టార్చీ ఉంటే చాలు. స్టీరింగు ఒకవైపు చివరిదాకా తిప్పితే ఆ వైపు పైపు బయటికొస్తుంది. ముందు మసి, మట్టి తడిగుడ్డతో తుడవాలి. తుడవకుండా చూస్తే పగుళ్ళు కనపడవు. తర్వాత చేత్తో వంచాలి. వంచినప్పుడే పగుళ్ళు నోరు తెరుస్తాయి. పైపైన గీతల్లాంటి పగుళ్ళు ఉంటే జాగ్రత్త పడాలి, లోపల దారాల అల్లిక కనపడితే ఇక ఆ బండి కదపకూడదు. రెండు చివర్లా ఇనప మూతి నొక్కి ఉంటుంది కదా, అక్కడ తడి ఉందా, తుప్పు లేచిందా చూడాలి. ఎక్కువ అక్కడే పోతుంది, వంగేది అక్కడే కాబట్టి.

ఇంకోటి, ఇద్దరు కావాలి. ఇంజిన్ స్టార్టులో ఉంచి ఒకరు పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు పైపుని చూడాలి. ఎక్కడైనా బుడిపె లేస్తే అయిపోయినట్టే. మా ఆయన తొక్కుతారు, నేను చూస్తాను. ఆయన చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

సుత్తి_వద్దు
శారదక్కా, చివరి లైనుకి మీ ఆయన జవాబు కావాలి.

స్కూల్‌వ్యాన్_శారద
ఆయనకి ఈ సైటు పాస్‌వర్డు తెలీదు.

పాలిమర్_పిల్లాడు
రబ్బరు కంపెనీలో పనిచేస్తాను, బ్రేక్ పైపులు కాదు, కానీ ఈ రబ్బరు తెలుసు. ఈ పైపు ఒకే ముక్క కాదు. లోపల ఈపీడీఎం రబ్బరు గొట్టం, దాని చుట్టూ దారాల అల్లిక, సాధారణంగా రెండు వరసలు, ఆ పైన మళ్ళీ రబ్బరు తొడుగు. ప్రెజర్‌ని ఆపేది దారాలు, ఆయిల్‌ని ఆపేది లోపలి గొట్టం. పై తొడుగు పని దారాలకి నీళ్ళు, మట్టి తగలకుండా చూడటం. అందుకే శారద గారు చెప్పినట్టు దారాలు కనపడితే కదపకూడదు. మనకి దీనికి ఐఎస్ 7079 అని ప్రమాణం ఉంది. అమెరికా ప్రమాణంలో అయితే 4000 పీఎస్ఐ ప్రెజర్ రెండు నిమిషాలు పట్టి ఉంచి, ఆ తర్వాత సన్న పైపు 7000 దాకా పగలకుండా నిలవాలి, పైగా 35 గంటలు ఆపకుండా ఊపుతారు.

ఈపీడీఎంకి బ్రేక్ ఆయిల్ పడుతుంది, పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిల్ అస్సలు పడవు. తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. ఇప్పుడు అందరూ ఒకటి ఆలోచించండి: వాటర్ సర్వీసింగ్ అయ్యాక బండి కింద ఏం కొడతారు?

ఘాట్‌లో_గేరు
పాత ఇంజిన్ ఆయిల్‌లో డీజిలు కలిపి. కమాన్ కట్టలు (ఆకుల స్ప్రింగులు) కిర్రుమనకుండా, తుప్పు పట్టకుండా.

పాలిమర్_పిల్లాడు
అదే. రబ్బర్ పైపులకి, బుష్‌లకి, బూట్లకి అంతకంటే శత్రువు లేదు.

డ్రమ్ము_బ్రేకు
మా తరంలో అందరం అదే కొట్టించాం, బళ్ళు బాగానే తిరిగాయి. సముద్రం పక్కన ఉన్నవాళ్ళు ఆయిల్ కొట్టకపోతే బండి కింద రేకు మిగలదు. కాకినాడ, విశాఖ వాళ్ళని అడగండి.

వంటపాత్రల_వ్యాను
మేం ప్రతి సర్వీసింగ్‌కీ కొట్టిస్తాం. ఉప్పుగాలి.

ఆటోనగర్_అన్న
కొట్టించొద్దని నేను అనను. బ్రేకుల వైపు కొట్టొద్దు. చక్రాల దగ్గర, వెనక హౌసింగ్ (యాక్సిల్) మీది పైపు దగ్గర గన్ను పెట్టొద్దని దగ్గరుండి చెప్పాలి, లేదా పైపులకి కవరు చుట్టి కొట్టించాలి. వెనక బ్రేకు డ్రమ్ములోకి చేరితే లైనర్లు పోతాయి, అదొక ఖర్చు. కమాన్ కట్టలకి బ్రష్షుతో రాయించుకోండి. సర్వీసింగ్ కుర్రాడికి గన్ను చేతికొస్తే అన్నిటికీ కొడతాడు, వాడి తప్పేం లేదు, ఎవరూ చెప్పరు.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ఇక్కడ ఇంగ్లండులో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి తుప్పు గోల మాకూ ఉంది. మూడేళ్ళు దాటిన ప్రతి బండికీ ఏటా ఎంఓటీ అనే పరీక్ష, మన ఫిట్‌నెస్ లాంటిది. అందులో రబ్బర్ పైపుల్ని చూడటం ఒక అంశం. పెడల్ తొక్కినప్పుడు ఉబ్బితే ఫెయిల్, కారితే బండి తిరగడానికే వీల్లేదు.

నా పాత డీజిల్ వ్యానుకి వంటపాత్రల_వ్యాను చెప్పిన జబ్బే వచ్చింది, కారణం మాత్రం వేరు. పైపు మధ్యలో ఒక ఇనప పట్టీ ఉండి స్ట్రట్‌కి (ముందు చక్రం షాక్ అబ్జార్బర్) బోల్టు వేసి ఉంటుంది. ఆ పట్టీ లోపల తుప్పు పట్టింది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కదా, బయటికి పోలేక లోపలికి పెరిగి పైపుని నొక్కేసింది. రబ్బరు కొత్తదిలా ఉంది, దారి మాత్రం మూసుకుపోయింది. కాబట్టి పట్టీల దగ్గర కూడా చూడండి.

వంటపాత్రల_వ్యాను
చేశాను. పెద్దాపురం రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి, బ్రేకులు వేసుకుంటూ వచ్చి ఇంటి ముందే ఎత్తాను. చక్రం రెండు చేతులతో పట్టినా కదల్లేదు. పైన నట్టు వదులు చేశాం, ఆయిల్ చుక్కలు పడ్డాయి, చక్రం అలాగే ఉంది. నట్టు బిగించి నిపిల్ తిప్పామో లేదో సర్రున చిమ్మింది, చక్రం తిరిగింది. పైపే అన్నా. మెకానిక్ కూడా పక్కనే ఉన్నాడు, "ఇన్నాళ్ళూ పైపు చూడనే లేదండీ, బయటికి బాగుంది కదా" అన్నాడు.

ఘాట్‌లో_గేరు
సరే, ఈసారికి పైపు గెలిచింది.

ఆటోనగర్_అన్న
ఒక్కటే కొనొద్దు. ముందు రెండూ మార్చండి, వెనకది కూడా. మూడింటి వయసూ ఒకటే.

ఘాట్‌లో_గేరు
ఇదిగో, ఇక్కడ ఒప్పుకోను. బాగున్నదాన్ని కదిపితే పాత ఇనప పైపు నట్టు తెగుతుంది, లేని పని మొదలవుతుంది. వెనకది చూసి, వంచి, ఉబ్బుతుందేమో పరీక్షించి, బాగుంటే వదిలెయ్యాలి. మెకానిక్‌లు అన్నీ మార్చమనే అంటారు.

ఆటోనగర్_అన్న
ఎడమదాన్ని బయటి నుంచి చూస్తే ఏం తెలిసింది మనకి? కొత్త క్యాలిపర్ కొన్నాక తెలిసింది. పైపు ఖరీదు వందల్లో ఉంటుంది. బండి వయసు చూడండి. వాళ్ళది రోజూ తిరిగే బండి కూడా కాదు, కిలోమీటర్లు తక్కువ అని మోసపోకూడదు. రబ్బరు ఆగి ఉన్నా ముసలిదవుతుంది.

పాలిమర్_పిల్లాడు
అన్న వైపే నేను. పైపు మీద తయారైన తేదీ అచ్చువేసి ఉంటుంది, చూసి చెప్పండి.

వంటపాత్రల_వ్యాను
వెనకదాని మీద 2006 అనే కనిపిస్తోంది. బండితో వచ్చిందే.

ఘాట్‌లో_గేరు
2006 అయితే మార్చండి. పదేళ్ళలోపుది అయితే నా మాటే నిలుస్తుంది.

కొత్తగా_కొన్నా
కంపెనీ 2019లో ఓమ్ని ఆపేసిందిగా, అసలు పైపులు దొరుకుతున్నాయా? మారుతి ఈకో పైపు వేసేయొచ్చా?

రాణీగంజ్_రంగా
ఓమ్నివే దొరుకుతాయి, లక్షల బళ్ళు ఇంకా రోడ్డు మీద ఉన్నాయి. "దాదాపు అదే" అన్న పైపు వెయ్యొద్దు. పొడవు తేడా వస్తే స్టీరింగు తిప్పినప్పుడు లాగుతుంది, లేదా టైరుకి రాస్తుంది. పాతది పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసి కొనండి. కవరు లేకుండా, తేదీ లేకుండా, పేరు లేకుండా గుత్తి కట్టి వేలాడదీసినవి ఉంటాయి, అవి వద్దు. నా షాపులో ఉన్నా వద్దు. తేదీ ఉన్నా చూసి కొనండి, ఏళ్ళ తరబడి అటక మీద పడున్న స్టాకు కొత్తదని అంటగడతారు. క్యాలిపర్ వైపు బోల్టుతో బిగించే రకం అయితే రాగి వాషర్లు కొత్తవి అడిగి తీసుకోండి, పాతవి ఒకసారి నలిగాక మళ్ళీ సీలు కావు.

సుత్తి_వద్దు
"నా షాపులో ఉన్నా వద్దు" అన్న దుకాణదారుణ్ణి మొదటిసారి చూస్తున్నా. స్క్రీన్‌షాట్ తీశా.

కొత్తగా_కొన్నా
స్టీలు అల్లిక ఉన్న పైపులు వస్తాయి కదా, బైకులకి వేస్తారే. ఓమ్నికి వేయిస్తే ఇంకా మంచిది కాదా?

పాలిమర్_పిల్లాడు
ఉబ్బడం తక్కువ, పెడల్ గట్టిగా ఉంటుంది, ఆ వరకు నిజం. కానీ లోపల గొట్టం పగిలిందా అని వంచి చూసే వీలుండదు. అల్లికలో ఇసుక చేరితే లోపల కోస్తుంది, పక్కన ఏది తగిలినా దాన్ని స్టీలు కోస్తుంది. ఓమ్ని కోసం కొలత ప్రకారం చేసి, పరీక్షించి ఇచ్చేవాళ్ళు ఉంటే సరే. సందులో నొక్కించిన మూతులతో మాత్రం వద్దు.

ఘాట్‌లో_గేరు
ఓమ్నికి స్టీలు పైపులా! టైర్లు ముందు మార్చు తమ్ముడూ.

ఆటోనగర్_అన్న
@వంటపాత్రల_వ్యాను బిగించేటప్పుడు నాలుగు సంగతులు దగ్గరుండి చూడండి. పైపు పొడవునా గీత ఉంటుంది, అది అలంకారం కాదు. బిగించాక ఆ గీత తిన్నగా ఉండాలి. చుట్టు తిరిగిందంటే పైపు మెలిపడింది, అక్కడే పగులుతుంది. ఎప్పుడైనా స్ట్రట్ విప్పి పని చేయించిన తర్వాత కూడా ఆ గీత చూడాలి, చాలా పైపులు అప్పుడే మెలిపడతాయి. చక్రాలు నేల మీద ఉండగా ఒకసారి, వేలాడుతుండగా ఒకసారి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి టైరుకి, స్ట్రట్‌కి తగలట్లేదని చూడండి. బ్రాకెట్టు దగ్గర పైపుని పట్టుకునే క్లిప్పు పెట్టకుండా వదిలేస్తారు, అది ఉండాలి.

క్యాలిపర్ తీసినప్పుడు పైపుకి వేలాడదీయనివ్వొద్దు. తీగతో స్ప్రింగుకి కట్టమనండి. ఆయిల్ కారకుండా పైపుని గ్రిప్ ప్లయర్‌తో నొక్కే అలవాటు ఉంటే చెయ్యి పట్టుకుని ఆపండి.

డ్రమ్ము_బ్రేకు
నొక్కితే ఏమవుతుంది? మేం గుడ్డ చుట్టి నొక్కేవాళ్ళం.

ఆటోనగర్_అన్న
గుడ్డ బయటి రబ్బరుని కాపాడుతుంది. లోపలి గొట్టం ఆ నొక్కుడుకి చీలుతుంది, అలా లేచిన పొరే తర్వాత దారికి అడ్డం పడుతుంది. ఈ బండిలో జరిగింది కూడా అదే అయ్యుండొచ్చు, ఎప్పుడో కిట్ వేసినప్పుడు ఎవరో నొక్కి ఉంటారు.

డ్రమ్ము_బ్రేకు
హ్మ్. మా మొదటి మారుతి వ్యానుకి నాలుగు వైపులా డ్రమ్ములే. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఈ జబ్బు అంత తొందరగా బయటపడేది కాదు. పైపు మూసుకుపోవడం నేను వెనక చూశాను. వెనకదాంతో ఇంకో చిక్కు ఉంది, బాడీ నుంచి హౌసింగ్‌కి ఒకటే పైపు, అది మూసుకుపోతే వెనక రెండు చక్రాలూ కలిసి పట్టేస్తాయి. అందరూ హ్యాండ్ బ్రేకు కేబులు మీద పడతారు.

స్కూల్‌వ్యాన్_శారద
మూసుకుపోవడం సంగతి చెప్పారు, పగిలితే ఏం చెయ్యాలో కూడా ఎవరైనా రాయండి. కొత్తగా కొన్నవాళ్ళు చదువుతున్నారు.

ఘాట్‌లో_గేరు
నేను రాస్తాను. పెడల్ ఒక్కసారి కిందికి దిగిపోతుంది, డాష్‌బోర్డులో బ్రేకు లైటు వెలగొచ్చు. మాస్టర్ సిలిండర్‌లో రెండు భాగాలు ఉంటాయి, ఒక లైను పోయినా రెండోది మిగులుతుంది. కానీ ముందుది పోతే మిగిలేది చాలా తక్కువ. పెడల్ వదలకుండా గబగబా పంపు కొట్టాలి, గేరు ఒక్కొక్కటీ దించాలి, హ్యాండ్ బ్రేకు మీట నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగాలి. ఒకేసారి లాగితే వెనక చక్రాలు జారి బండి అడ్డం తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు కేబులు మీద పనిచేస్తుంది, ఆయిల్‌తో పని లేదు, అందుకే దాన్ని బాగా ఉంచుకోవాలి. ఇంజిన్ ఆపొద్దు, ఆపితే పెడల్‌కి బలం ఇచ్చే బూస్టర్ కూడా పోతుంది. ఆగాక టేపు చుట్టి, ఆయిల్ పోసి "మెల్లగా వెళ్దాం" అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ మాట వినొద్దు. టో చేయించండి.

సుత్తి_వద్దు
మా ఊళ్ళో ఒకాయన సైకిల్ ట్యూబు ముక్క కట్టాడు. రెండో పెడల్‌కే ట్యూబు పోయింది.

వంటపాత్రల_వ్యాను
మూడు పైపులూ వచ్చాయి, రేపు పని. బ్రేక్ ఆయిల్ డాట్ 3 రకం పోయాలా, డాట్ 4? ఇంట్లో సగం డబ్బా డాట్ 3 ఉంది.

పాలిమర్_పిల్లాడు
సగం డబ్బా పారెయ్యండి. మూత తీసిన డబ్బా గాలిలో తేమ పీలుస్తుంది. రిజర్వాయర్ మూత మీద ఏది రాసుందో అది పొయ్యండి. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 పోయొచ్చు, రెండూ ఒకే జాతి. డాట్ 5 మాత్రం సిలికాన్, వీటితో కలవదు. పేరు దగ్గరగా ఉన్నా 5.1 వేరే, అది మళ్ళీ వీటి జాతే.

కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు చేరాక ప్రమాణం 140కి దిగుతుంది. డాట్ 4కి 230, 155. ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు? మూత నుంచి కొంత, మిగతాది ఈ రబ్బర్ పైపుల గోడల్లోంచే. ఎంత మంచి పైపైనా సన్నగా తేమని లోపలికి వదులుతుంది. అందుకే క్యాలిపర్ దగ్గరి ఆయిల్ అన్నిటికంటే పాడైపోయి ఉంటుంది, వేడెక్కేదీ అదే. రిజర్వాయర్‌లో ఆయిల్ పీకి కొత్తది పోస్తే సరిపోదు, నిపిళ్ళ నుంచి పాతదంతా బయటికి రావాలి. రెండేళ్ళకోసారి.

ఘాట్‌లో_గేరు
ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది ఇందుకే. ఆయిల్‌లో నీరు మరిగి ఆవిరవుతుంది. ఎక్కిన గేరులోనే దిగండి అని టూరిస్టులకి చెప్పీ చెప్పీ నోరు పోయింది.

ఆటోనగర్_అన్న
పైపుల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. పెడల్ తొక్కేవాళ్ళకి ఒక మాట: నేలకి ఆనేదాకా తొక్కొద్దు, పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ కొంత దూరమే తిరుగుతుంది, ఆ అవతల గోడ గరుకుగా తుప్పు పట్టి ఉంటుంది. పిస్టన్ మీది రబ్బరు కప్పులు అక్కడికి వెళ్తే చిరుగుతాయి. పొద్దున పైపు మార్చుకుని సాయంత్రం మాస్టర్ సిలిండర్ పోయిందని వచ్చేవాళ్ళు ఇలాంటివాళ్ళే. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్ళు పొయ్యండి, లేకపోతే పెయింటు లేచిపోతుంది.

వంటపాత్రల_వ్యాను
పని అయింది. పెడల్ పైనే అందుతోంది. సామర్లకోట దాకా వెళ్ళొచ్చాం, రెండు రిమ్ములూ ఒకేలా ఉన్నాయి. తీసిన పైపుని బ్లేడుతో నిలువునా కోశాం. పై మూతి నుంచి కాస్త కిందికి లోపలి గొట్టం ఒకవైపు ఊడి నాలుకలా వేలాడుతోంది. కుడివైపుది కూడా కోశాం, అందులో పొర లేవలేదు గానీ వంచితే లోపల అంతా నెర్రెలు.

కొత్తగా_కొన్నా
నా బండి ఇవాళ చూశా. ముందువి బాగున్నాయి, 2017 అని ఉంది. వెనకది మాత్రం తిన్నగా సాగినట్టు ఉంది, వంపే లేదు. పాత ఓనరు లోడు కోసం కమాన్ కట్టల్లో ఒక ఆకు ఎక్కువ వేయించాడు. సంబంధం ఉందా?

ఆటోనగర్_అన్న
ఉంది. ఆకు వేస్తే బాడీ లేస్తుంది, హౌసింగ్ కిందే ఉంటుంది, పైపు మధ్యలో సాగుతుంది. బాడీని ఎత్తి స్టాండ్ల మీద పెట్టి వెనక చక్రాలు పూర్తిగా వేలాడదీసి చూడు. అప్పుడు కూడా పైపులో కాస్త వంపు మిగలాలి. బిగుసుకుపోతే ఆ ఆకు తీయించెయ్. పొడుగు పైపు వెతుక్కోవద్దు. లోడు లేనప్పుడు బండి గుంతలో పడ్డ ప్రతిసారీ ఆ పైపు రెండు మూతుల దగ్గరా గుంజుతూ ఉంటుంది. చూసి ఫోటో పెట్టు, అప్పటిదాకా ఎవర్నీ ఎక్కించుకోకు.

కొత్తగా_కొన్నా
ఆదివారం ఎత్తి చూస్తా అన్నా. రంగా గారూ, వెనక పైపు ఒకటి పక్కన పెట్టండి, తేదీ ఉన్నది.

రాణీగంజ్_రంగా
ఉంది. ముందు ఆకు సంగతి తేల్చుకుని రా.